స్వభావం లేని వీరులు

వీరగాథను మనసు పెట్టి చదివేవాళ్లకు ఎక్కడో ఒకచోట కథకుడి మీద కోపం వస్తుంది. అంత తెలివైనవాడు ఆ చిన్న మోసం పసిగట్టలేడా? అంత ప్రేమించినవాడు నోరు తెరిచి ఒక్క మాట అడగలేడా? అన్నీ తెలిసిన గురువు అన్నాళ్లూ చూస్తూ ఎందుకు ఊరుకున్నాడు? ఈ కోపాన్ని పాఠకుడి చాదస్తమని కొట్టేయడం నాకు ఇష్టం ఉండదు. మనిషి గురించి మనం లోలోపల ఏం నమ్ముకుని బతుకుతున్నామో ఆ కోపమే బయటపెడుతుంది.

పెద్దవూరలో మా చుట్టాలబ్బాయి ఒకడున్నాడు. నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాడు. చైనా వీరకథలంటే ప్రాణం పెడతాడు. వూషియా అంటారు వాటిని. కత్తి పట్టిన సంచార వీరులు, గురుపరంపరలు, కొండల మీద మఠాలు, తరాలు మారినా చల్లారని పగలు, ఇదీ వాటి లోకం. ఫోన్‌లోనే ఇంగ్లీషు అనువాదాలు చదువుతాడు. ఈ మధ్య కలిసినప్పుడు ముఖం చిన్నబుచ్చుకుని అడిగాడు: "మామా, ఒక్క మాట అడిగితే ఒడిసిపోయేదానికి ఆ పిల్ల పాణం ఎందుకు తీసుకున్నది? రాసినాయనకు గంత సోయి లేదా?"

ఆ పిల్ల పేరు ఆజూ. నవల జిన్ యోంగ్ రాసిన 'తియాన్‌లుంగ్ బాబు'. జిన్ యోంగ్ (1924–2018) హాంకాంగ్‌లో మింగ్ పావ్ పత్రికను స్థాపించినవాడు. 1963 నుంచి 1966 దాకా ఈ నవలను ఆ పత్రికలో సీరియల్‌గా రాశాడు. పేరుకు అర్థం దేవతలూ నాగులూ మొదలైన ఎనిమిది గణాలని. మహాయాన సూత్రాల్లో బుద్ధుడి బోధ వినడానికి దేవ, నాగ, యక్ష, గంధర్వ, అసుర, గరుడ, కిన్నర, మహోరగ గణాలు వస్తాయి. ఆ గణాల పేరు పెట్టి, కథంతా మనుషులతో నడిపాడు. బోధ వినవలసినవాళ్లు వీళ్లేనని ఆయన ఉద్దేశం అనుకుంటాను.

కథలో ఆ ఘట్టం ఇది. షియావ్ ఫెంగ్ యాచకుల దళానికి నాయకుడు, మహావీరుడు. అతను ఖితాన్ జాతిలో పుట్టినవాడని తేలగానే అయినవాళ్లంతా వెలివేశారు. పసితనంలో తన తల్లిని చంపిన దండును నడిపించింది ఎవరో తెలుసుకోవడమే అతనికి బతుకైపోయింది. ఒక స్త్రీ కక్షతో అబద్ధం చెప్పింది, ఆ నాయకుడు దాలీ రాజవంశీకుడైన దువాన్ జెంగ్‌చున్ అని. షియావ్ ఫెంగ్ అతన్ని నిలదీశాడు: పూర్వం నువ్వు చేసిన పాపం ఒప్పుకుంటావా? అతను తలవంచి ఒప్పుకున్నాడు. అతని మనసులో ఉన్న పాపం వేరు. కన్న బిడ్డలను గాలికి వదిలేసిన పాపం అది. ఇతను అడిగింది ఒకటి, అతను ఒప్పుకున్నది ఒకటి. ఏ పాపమన్న మాట ఇద్దరి నోటా రాలేదు. ఆ బిడ్డల్లో ఒకతె ఆజూ. షియావ్ ఫెంగ్‌కు ప్రాణప్రదమైన పిల్ల. అతను చంపబోయేది తన తండ్రినని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రి ఉరుముల వానలో, రాతి వంతెన మీద, తండ్రి వేషం వేసుకుని అతని ముందు నిలబడింది. అతను ఒకే ఒక్క అరచేతి దెబ్బ కొట్టాడు. వేషం కింద ఉన్నది ఆజూ.

మా వాడి కోపం అందుకే. నేను వాడికి నేరుగా జవాబు చెప్పకుండా, ఏటి అవతలి కథ గుర్తుచేశాను.

పెద్దవూర నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని కృష్ణ దాటితే పల్నాడు. మాచర్ల, గురజాల, కారంపూడి. 12వ శతాబ్దంలో అన్నదమ్ముల రాజ్యాలు రెండు ఒకదాన్నొకటి మింగిన నేల. బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరేటప్పుడు వెంట వస్తున్న తమ్ముళ్లలో అనపోతురాజు బ్రాహ్మణ బాలుడు. రణంలో వాడు చస్తే ఆ పాపం తనకు చుట్టుకుంటుందని, పైగా ప్రాణంకన్నా ఎక్కువైనవాడు కళ్లముందు చావడం చూడలేక, బాలచంద్రుడు ఏదో పని మిషతో అతన్ని వెనక్కి పంపి, తాను సాగిపోయాడు. తనను మోసం చేసి వదిలి వెళ్లారని తెలిసిన అనపోతు అక్కడికక్కడే ప్రాణం తీసుకున్నాడు. జంధ్యం మాత్రం అన్నకు చేరింది. "వద్దురా, నువ్వు రావద్దు" అని ముఖం మీద చెబితే పోయేదిగా? పల్నాటి వీరచరిత్ర చదివిన ఎవరైనా ఇక్కడ మా వాడిలాగే అడుగుతారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. మాల కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనాపతిని చేసినవాడు, అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టినవాడు బాలచంద్రుడి తండ్రి బ్రహ్మనాయుడు. జనం ఆయన్ని విష్ణు అంశ అంటారు. అంతటివాడు ఏడేళ్ల రాజ్యాన్ని కోడి కాలికి కట్టాడు. గురజాల రాజు నలగాముడి మంత్రి నాయకురాలు నాగమ్మ కోడి శివంగిడేగ, ఈయన కోడి చిట్టిమల్లు. ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరు విడవాలి. నాగమ్మ పన్నాగం లేకుండా పందెం కాయదని ఆయనకు తెలియదా?

ఈ రెండు కథాలోకాల నడుమ ఉన్న కొండ నాకు గుర్తుకు రాక మానదు. ఇప్పుడది సాగర్ జలాశయం నడుమ ద్వీపంలా మిగిలిన నాగార్జునకొండ. డ్యాంకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు ముంచెత్తకముందే 1954 నుంచి 1960 దాకా అక్కడి లోయను తవ్వి, దొరికినవాటిని కొండమీదికీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ చేర్చారు. ఇక్ష్వాకుల విజయపురి అది. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చులధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. సింహళ ఆచార్యులకు ఆమె అంకితమిచ్చిన ఆ శాసనంలో, వాళ్లు ధర్మం వైపు తిప్పిన దేశాల పేర్లు వరసగా ఉన్నాయి. కాశ్మీరం, గాంధారం, ఆ వెంటనే చీనా. మూడో శతాబ్దంలో మన ఊళ్ల పక్కన ఒక గృహిణి రాతి మీద చెక్కించిన పేరది. చైనా కథలు మన పిల్లల చేతిలోకి నిన్నగాక మొన్న వచ్చాయనుకుంటాం. ఈ ఏటి గట్టుకు ఆ దేశంతో ఉన్న ముడి అంతకన్నా చాలా పాతది.

బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడు ఇక్కడి శ్రీపర్వతం మీదే ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన మూలమధ్యమక కారికలను కుమారజీవుడు 409లో చాంగాన్ నగరంలో చైనా భాషలోకి తెచ్చాడు. ఆ గ్రంథంలో 15వ ప్రకరణం స్వభావ పరీక్ష. అందులోని వాదన సూటిగా ఉంటుంది. ఏ వస్తువుకైనా దాని సొంతమైన, దేనిమీదా ఆధారపడని, మారని స్వభావం అంటూ ఉంటే అది ఎన్నటికీ మారకూడదు. లోకంలో మారనిది కనబడదు. కాబట్టి అలాంటి స్వభావం ఎవరికీ, దేనికీ లేదు. ఉన్నదంతా కారణాలు కలిసినప్పుడు కలుగుతున్నది, విడిపోయినప్పుడు పోతున్నది. దీనికే శూన్యత అని పేరు. శూన్యమంటే ఏమీ లేకపోవడమని మనవాళ్లు పొరబడతారు. నాగార్జునుడి శూన్యతలో లేనిది ఒక్క మొండి స్వభావమే. కారణమూ, కార్యమూ, బాధ్యతా అన్నీ ఉన్నాయి.

మా వాడి కోపాన్ని దీని పక్కన పెట్టి చూడండి. "షియావ్ ఫెంగ్ అలా చేయడు, ఆజూ అలా చేయదు, బ్రహ్మనాయుడు అలా చేయకూడదు" అంటున్నామంటే, వాళ్లలో ధీరత్వం, వివేకం, ప్రేమ అనేవి మారని ముద్దల్లా ఉన్నాయని నమ్ముతున్నామన్నమాట. తెలివైనవాడు ప్రతి గడియా తెలివిగానే ఉంటాడని నమ్ముతున్నాం. ఎదుటివాళ్ల గురించి ఇలా నమ్మడం మనకు అలవాటు. తన గురించి నమ్మడం మరీ అలవాటు. నేను శాంతస్వభావుణ్ణి, నాకు కోపం రాదు అనుకున్నవాడే కోపం వచ్చిన రోజున దాన్ని గుర్తుపట్టలేడు. అది తనది కాదనుకుంటాడు. అందుకే దాన్ని ఆపలేడు. వీరుడు తప్పటడుగు వేసినచోట మనకు పుట్టే చిరాకులో సగం, మన గురించి మనం కట్టుకున్న ఆ బొమ్మ కదిలినందుకు పుట్టే భయం.

కుమారజీవుడి పేర చైనాలో నిలిచిన నాగార్జున చరిత్ర ఒకటి ఉంది. అది చదివితే వూషియా మొదటి పుట చదివినట్టే ఉంటుంది. యవ్వనంలో నాగార్జునుడు, ముగ్గురు స్నేహితులు అన్ని విద్యలూ నేర్చేసి, ఇక మిగిలింది సుఖమే అనుకున్నారు. ఒక మాంత్రికుడి దగ్గర అదృశ్యమయ్యే విద్య సంపాదించి రాజుగారి అంతఃపురంలో జొరబడ్డారు. విషయం పొక్కింది. దుష్టశక్తులైతే జాడ ఉండదు, మనుషులైతే అడుగులు పడతాయని, ద్వారాల దగ్గర మెత్తటి మట్టి చల్లించారు. అడుగులు పడ్డాయి. తలుపులు మూసి, భటులు గాలిలో కత్తులు తిప్పారు. ముగ్గురు స్నేహితులూ కనబడకుండానే తెగిపడ్డారు. రాజు తలకు ఏడడుగుల లోపల కత్తి తిరగకూడదన్నది నియమం. నాగార్జునుడు ఊపిరి బిగబట్టి ఆ ఏడడుగుల లోపల, రాజు పక్కనే నిలబడిపోయాడు. దుఃఖానికి మూలం కోరికేనని అక్కడే తెలిసింది. బతికి బయటపడితే భిక్షువునవుతానని అనుకున్నాడు, అయ్యాడు. సర్వశాస్త్రాలూ చదివినవాడు ఇంత నీచమైన పనికి ఎలా ఒడిగట్టాడని అడగవచ్చు. కారణాలు కూడాయి, చేశాడు. మరో కారణం కూడింది, మారాడు. మారని స్వభావమే ఉంటే అంతఃపురంలోని ఆ కుర్రవాడు ఆచార్యుడయ్యేవాడే కాదు. శూన్యతను బోధించడానికి ఆయనకు తన జీవితం చాలు.

మరి స్వభావం లేదన్నంత మాత్రాన కథకుడు ఏం రాసినా చెల్లుతుందా? చెల్లదు. శూన్యతకు నాగార్జునుడు చెప్పిన మరో పేరు ప్రతీత్యసముత్పాదం. ప్రతిదీ కారణాల మీద ఆధారపడి పుడుతుంది. కాబట్టి వింతగా కనబడే నిర్ణయాన్ని పరీక్షించడానికి గీటురాయి ఒకటే: దానికి కారణాలు కథలో ఉన్నాయా, లేవా? ఉంటే అది సత్యం. మనకు రుచించకపోయినా సత్యమే. లేకపోతే అది కథకుడి లోపం. దానికి ఆధ్యాత్మికార్థం పులమడం తప్పు.

ఆజూను ఆ రాయి మీద గీసి చూశాను. తల్లిదండ్రులు ఎవరో తెలియక పరాయి పంచన పరిచారికగా పెరిగిన పిల్ల. తనకంటూ ఒక రూపం ఉండదు. ఎవరి వేషమైనా వేయగలదు, అదే ఆమె విద్య. తండ్రి దొరికిన రాత్రే, అతన్ని చంపబోయేది తాను ప్రేమించిన మనిషని తెలిసింది. అతను చంపితే దాలీ వంశం అతన్ని వెంటాడి చంపుతుందన్న భయం. ఇద్దర్నీ తానొక్కతే కాపాడాలనుకుంది. ఇక్కడ అనపోతు కథ వచ్చి కలుస్తుంది. బాలచంద్రుడూ అంతే, ప్రేమతోనే మోసం చేశాడు. అవతలివాడి మేలు నాకే తెలుసు, వాడికి చెప్పనక్కర్లేదు అనుకునే ప్రేమ ఇద్దరిదీ. పైకి అది త్యాగంలా ఉంటుంది. అడుగున నేనున్నాను, నేనే చక్కబెడతాను అన్న అహంకారం సన్నని దారంలా సాగుతుంది. ఆ దారమే మాటను గొంతులో బిగించేసింది. మన ఇళ్లలో పెద్దవాళ్లు తమ జబ్బులు పిల్లలకు చెప్పకుండా దాచుకోవడం, పిల్లలు తమ అప్పులు పెద్దవాళ్లకు చెప్పకుండా మోయడం ఇదే పద్ధతి. అడిగితే అయిపోయేది, నిజమే. అడగనివ్వని కారణాలు అక్కడ నిండుగా ఉన్నాయి. ఆ ఘట్టంలో లోపం లేదని నా తీర్పు.

అదే నవలలో వింత మరొకటి ఉంది. చాలాకాలంగా ఎవరూ ఛేదించలేని పలకాట చిక్కు ముందు మహావీరులు కూర్చుంటారు. తెల్లరాళ్లూ నల్లరాళ్లూ పరిచిన ఆ పలకలో ఒక్కొక్కరికీ తన సొంత ఆశే కనబడి మతి పోతుంది. ఒకడైతే ఆ మైకంలో తన ప్రాణం తానే తీసుకోబోతాడు. అతన్ని ఎలాగైనా ఆపాలని, ఆట రాని షూజూ అనే చిన్న భిక్షువు కళ్లు మూసుకుని ఒక రాయి పెట్టేస్తాడు. తన పక్షం రాళ్లనే చంపుకునే ఎత్తు అది. అవి పోయిన చోట ఖాళీ ఏర్పడి, ఆ ఖాళీలోంచే ఆట తెరుచుకుంటుంది. గుడ్డి అదృష్టమని విసుక్కునేవాళ్లున్నారు. కారణం చూడండి. అక్కడున్నవాళ్లలో గెలవాలని కూర్చోనిది అతనొక్కడే. తన రాళ్లు చావకూడదన్న పట్టుదల మిగతా అందరికీ ఉంది కాబట్టే ఆ ఎత్తు వాళ్లకు కనబడలేదు. షావొలిన్ మఠం నుంచి పోయిన మహాగ్రంథం యూ తాన్‌చీ అనే దిక్కులేని కుర్రాడికి దక్కడం కూడా ఇలాగే. ఫలం కోరి సాధన చేసిన భిక్షువులకు అందనిది, విద్య మీద ధ్యాసే లేని వాడికి అందింది. ఫలాపేక్ష గురించి గీతా పారాయణల్లో వింటూనే ఉంటాం. ఈ నవలలో అది కథ నడిచే యంత్రమైంది.

ఇక లోపాల సంగతి. 1965లో జిన్ యోంగ్ ఐరోపా వెళ్తూ, సీరియల్ ఆగకూడదని మిత్రుడు నీ క్వాంగ్‌కు కలం అప్పగించాడు. ఆజూ చెల్లెలు ఆజీ అంటే నీ క్వాంగ్‌కు గిట్టదు. ఆమె కళ్లు పోగొట్టేశాడు. ఆ గుడ్డితనానికి కారణం కథలో లేదు, కథ బయట ఒక రచయిత అయిష్టంలో ఉంది. నా రాయి మీద ఇది నిలవదు. తిరిగివచ్చిన జిన్ యోంగ్ దాన్ని తుడిచేయకుండా, ఆమెను పిచ్చిగా ఆరాధించే యూ తాన్‌చీ చేత కళ్లు దానం చేయించాడు. చివరికి ఆ పిల్ల ఆ కళ్లను పెరికి అతనికే విసిరేసి, షియావ్ ఫెంగ్ దేహంతో లోయలోకి నడిచిపోతుంది. అకారణంగా వచ్చిపడిన దాన్నుంచి కారణాల గొలుసు అల్లడం అది. అయినా మొదటి అతుకు అతుకే. షావొలిన్ గ్రంథాలయంలో చీపురు పట్టుకుని ఊడ్చే ముసలి భిక్షువు విషయంలోనూ నాకు తృప్తి లేదు. దశాబ్దాలుగా అన్నీ చూస్తూ, ఎన్నో చావుల తర్వాత ఆఖర్న నోరు విప్పుతాడు. అంతకాలం ఎందుకు ఆగాడో కథ చెప్పదు.

కానీ ఆ భిక్షువు చేసిన పని మాత్రం వదిలేయలేనిది. ముప్ఫై ఏళ్లు పగతో బతికిన షియావ్ ఫెంగ్ తండ్రి షియావ్ యువాన్‌షాన్ కళ్లముందే అతని శత్రువు మురోంగ్ బోను ఒక్క దెబ్బతో కూల్చాడు. పగ తీరింది. సంతోషం రాలేదు. ఎక్కడికి పోవాలో, ఏం చేయాలో తోచక ఆ తండ్రి ఖాళీగా నిలబడిపోయాడు. తర్వాత భిక్షువు ఇద్దర్నీ చావు అంచుకు తీసుకెళ్లి, చేతిలో చేయి వేయించి బతికించాడు. పల్నాడులో ఇదే ఘట్టం మరో తీరుగా ఉంది. కారంపూడిలో అందరూ పోయారు. బాలచంద్రుడు పోయాడు. అప్పుడు చేతికి చిక్కిన నాగమ్మను బ్రహ్మనాయుడు చంపలేదు. నలగామరాజును తిరిగి గద్దె మీద కూర్చోబెట్టి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడు. ఆ గద్దె శత్రువుకే ఇచ్చేదైతే ఇంతమందిని ఎందుకు చంపించావని అడగని శ్రోత ఉండడు. కోడిపందెం నాటి బ్రహ్మనాయుడికి తన ధర్మం గెలిచి తీరుతుందన్న గర్వం ఉంది. ధర్మం తన పక్షాన ఉందనుకున్నవాడే అందరికన్నా తేలిగ్గా పందేనికి దిగుతాడు. ఆ గర్వానికి ఆధారమైనవన్నీ కారంపూడిలో పోయాయి. బిలంలోకి నడిచిన మనిషి పందెం కట్టిన మనిషి కాదు. పేరు ఒక్కటే మిగిలింది.

మన గాథలో అసలు లోపం నాకు మరోచోట కనబడుతుంది. అది నాగమ్మ. జిన్ యోంగ్ నవలలో అబద్ధం చెప్పి ఆజూ చావుకు కారణమైన స్త్రీ ఉంది కదా, ఆమెకు రచయిత బాల్యం ఇచ్చాడు. కొత్త బట్టలకని పెంచుకున్న గొర్రెల్ని తోడేలు ఎత్తుకుపోతే, పక్కింటి పిల్ల కొత్త బట్టలను రాత్రివేళ ముక్కలుగా కత్తిరించింది. తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదన్న ఆ కత్తెరే పెద్దయ్యాక షియావ్ ఫెంగ్ మీదికి తిరిగింది. ఆమె చేసింది ఘోరమే. కారణాలు మాత్రం మన ముందున్నాయి. నాగమ్మకు చాలా కథనాల్లో అలాంటి రాత్రి ఒక్కటి కూడా లేదు. 12వ శతాబ్దంలో ఒక ఆడది మంత్రాంగం నడిపే స్థాయికి ఎలా ఎదిగింది? ఏం పోగొట్టుకుని అంత గట్టిపడింది? 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి ఆ పాత్రకు తమ ప్రతిభతో ప్రాణం పోశారు. కానీ మన నోళ్లలో నాగమ్మ అంటే పుట్టుకతోనే కుట్ర. మారని స్వభావాన్ని ఆమె ఒక్కదానికే అంటగట్టి, మిగతా అందరికీ కారణాలు ఇచ్చాం. శూన్యతను నమ్మినవాడికి ఇది సాహిత్య దోషం మాత్రమే అనిపించదు. ఒక మనిషికి అన్యాయం అనిపిస్తుంది.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు వీరారాధన జరుగుతుంది. రోజులకు పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వరస గమనించండి. కథలో కోడిపోరు ముందు జరిగింది. ఏడేళ్ల వనవాసం తర్వాత గానీ మాచర్ల పక్షాన అలరాజు రాయబారం లేదు. ఆరాధనలో రాయబారం రెండోనాడు, కోడిపోరు నాలుగోనాడు, ఆ మర్నాడే వీరులు నేలకొరిగే కళ్లిపాడు. కాలక్రమం చూసేవాళ్లు దీన్ని తప్పు అనవచ్చు. నాకైతే ఈ వరస గొప్ప బోధగా కనబడింది. నడుమ ఉన్న ఏడేళ్లను తీసేసి, కారణాన్నీ ఫలాన్నీ పక్కపక్క రోజుల్లో నిలబెట్టారు. ఇవాళ కోడి, రేపు శవాలు. ఈ వరస ఎవరు కట్టారోగాని, వాళ్లకు కర్మ సంగతి తెలుసు.

మా వాడికి చెప్పిందే పెద్దవూర, హాలియా, మిర్యాలగూడ పిల్లలందరికీ చెబుతున్నాను. చైనా కథలు చదవండి, మానొద్దు. ఈసారి కార్తీక అమావాస్యకు మాత్రం సాగర్ దాటి కారంపూడి వెళ్లండి. ఒక్కరోజే వీలైతే నాలుగో రోజున వెళ్లండి. కథ పాడే పెద్దల దగ్గర కూర్చుని, నాగమ్మ అంత పగ ఎందుకు పట్టిందని అడగండి. ఏమైనా చెబితే రాసి పెట్టుకోండి.